డబుల్ కాట్ మంచానికి అతుకుల బొంత: ఎన్ని గళ్లు కోయాలి?

మంచం 5 అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు. పరుపు మందం 6 అంగుళాలు. అమ్మ నూలు చీరలు నాలుగు ఉన్నాయి, 10 అంగుళాల గళ్లు కోద్దామనుకుంటున్నాను, వైశాల్యం భాగిస్తే 47 వచ్చింది, 47 కోస్తే సరిపోతాయా అని మీరు అడిగారు. చాలవండీ. మీ మంచానికి నా లెక్కలో 72 గళ్లు, చుట్టూ ఒక అంచు పట్టీ కావాలి. అమ్మ చీరలు అన్నారు కాబట్టి కత్తెర పట్టుకునే ముందే ఇదంతా చదవండి. కోసేశాక ఆ చీర మళ్లీ రాదు.

మాది పాలకొల్లు పక్క పల్లెటూరు. మా అమ్మ చాలా ఏళ్లు లేసు అతుకుపని చేసింది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా నరసాపురం చుట్టుపక్కలకి వచ్చిన పని అది. ఊళ్లో కొందరు దారంతో పూలు అల్లితే, అమ్మలాంటి వాళ్లు ఆ పూలన్నిటినీ కలిపి దుప్పటిగా అతికేవారు. దుప్పటికి ఎన్ని పూలు పడతాయని ఎవరైనా అడిగితే అమ్మ వెంటనే చెప్పేది కాదు. ముందు నాలుగు పూలు వరసగా అతికి, చాప మీద పరిచి టేపు పెట్టేది. ఆ కొలత చూశాకే లెక్క. బొంతకీ అదే పద్ధతి అని నాకు ఆలస్యంగా తెలిసింది.

నా మొదటి బొంత అత్తగారి పాత చీరలతో కుట్టాను. మంచం మీ సైజే. 80 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు రావాలనుకుని 5 అంగుళాల చదరాలు కోశాను. అడ్డం 16, నిలువు 18, మొత్తం 288. వానాకాలమంతా కూర్చుని కుట్టాను. చివరి వరస అయ్యాక మంచం మీద వేస్తే రెండు పక్కలా పరుపు మందం దాకానే వచ్చి ఆగిపోయింది. టేపు పెడితే వెడల్పు 72, పొడవు 81. ఎనిమిది తొమ్మిది అంగుళాలు ఎటు పోయాయో అర్థం కాక ఆ రాత్రంతా టెన్షన్ పడ్డాను. పొద్దున్నే ఫోన్ చేస్తే అమ్మ ఒక్క ముక్కలో చెప్పింది. "లేసులో అతుకు కొలత పెంచుద్దే, గుడ్డలో అతుకు కొలత తింటది."

ప్రతి గడికీ నాలుగు వైపులా పావు అంగుళం చొప్పున కుట్టులోకి పోతుంది. అంటే అడ్డంగా అర అంగుళం, నిలువుగా అర అంగుళం తగ్గుతుంది. 5 అంగుళాలకి కోసిన గడి కుట్టాక 4.5 అవుతుంది. మీ 10 అంగుళాల గడి 9.5 అవుతుంది. లెక్క ఎప్పుడూ కుట్టాక మిగిలే కొలతతోనే వేయాలి. గడి ఎంత చిన్నదైతే నష్టం అంత ఎక్కువ. నేను చిన్న గళ్లు పెట్టుకున్నాను కాబట్టే అంత తేడా వచ్చింది.

వైశాల్యం భాగించే పద్ధతి వదిలేయండి. 47 గళ్లని ఎన్ని వరసలుగా పేరుస్తారు? ఏ రకంగా పేర్చినా వరసలు సమంగా రావు. పైగా మీరు మంచం కొలతే తీసుకున్నారు. బొంత పక్కలకి దిగాలి కదండీ. వెడల్పు విడిగా, పొడవు విడిగా చూసుకోవాలి.

మీ మంచం వెడల్పు 60 అంగుళాలు. ఒక్కో పక్క 10 అంగుళాలు దిగితే 6 అంగుళాల పరుపు మొత్తం కప్పి ఇంకో నాలుగు కిందికి వస్తుంది, చూడటానికి బాగుంటుంది. కాబట్టి 60కి 20 కలిపితే 80. పొడవు 78. తలవైపు దిగనక్కర్లేదు, కాళ్లవైపు 10 చాలు, మొత్తం 88. తలగడల మీదుగా కూడా కప్పాలనుకుంటే ఇంకో 10 కలుపుకోండి. ఇప్పుడు 80ని 9.5తో భాగిస్తే 8 గళ్లు, కొంచెం మిగులు. 88ని భాగిస్తే 9 గళ్లు, కొంచెం మిగులు. ఎనిమిది తొమ్మిదులు 72. ఈ 72 గళ్లూ కలిపితే 76 అంగుళాలు, 85.5 అంగుళాలు వస్తాయి. ఆ తగ్గిన భాగం అంచు పట్టీ పూడుస్తుంది. నాలుగు వైపులా 2 అంగుళాల పట్టీ వేస్తే 80, 89.5 అయిపోతుంది.

కానీ నా మాట విని పట్టీ 3 అంగుళాలు పెట్టండి. పైన గళ్ల గుడ్డ, వెనక గుడ్డ, పొరలన్నీ కలిపి దారంతో కుట్టుకుంటూ పోతే గుడ్డ ముడుచుకుంటుంది. మంచం సైజు బొంతల్లో నాకు ప్రతిసారీ రెండు మూడు అంగుళాలు తగ్గింది. దారం గట్టిగా లాగే చెయ్యి అయితే ఇంకా తగ్గుతుంది. 3 అంగుళాల పట్టీతో 82, 91.5 దగ్గర మొదలుపెడితే చివరికి మీకు కావాల్సిన చోటికి వస్తుంది. పట్టీ కోసేటప్పుడు కుట్టుకి అర అంగుళం కలిపి 3.5 కోయాలి, ఇది మర్చిపోకండి.

పట్టీకి వేరే గుడ్డ కొనకండి. చీర అంచులే ఉన్నాయి కదా. నా పొట్టి బొంతని కాపాడింది అవే. అత్తగారి చీరల్లో ఒకటి పెద్ద అంచుది. చీర పొడవు ఐదున్నర మీటర్లు, సుమారు 216 అంగుళాలు, దానికి రెండు అంచులు. ఒక అంచులోంచి నిలువు పట్టీలు రెండూ, రెండో అంచులోంచి అడ్డం పట్టీలు రెండూ వచ్చేశాయి. నాలుగు వైపులా 4 అంగుళాలు కలిసి 72 కాస్తా 80 అయింది, 81 కాస్తా 89 అయింది. ఇప్పుడు ఎవరు చూసినా ముందు ఆ అంచు గురించే అడుగుతారు. అత్తగారైతే దాన్ని చేత్తో తడుముతూ ఆ చీర ఏ పెళ్లికి కట్టారో చెబుతుంటారు. మీ అమ్మ చీరల్లో పెద్ద అంచుది ఉంటే ముందే పక్కన పెట్టుకోండి.

మంచం గురించి రెండు విషయాలు చూసుకోవాలి. మన ఇళ్లల్లో దోమతెర లేకుండా రాత్రి గడవదు. తెరని పరుపు కిందకి దోపేవాళ్లయితే పక్కలకి దిగే బొంత రోజూ దానికి అడ్డం పడుతుంది. అప్పుడు పరుపు మందం దాటి దిగనంత కుట్టుకోవడమే మేలు. అడ్డం 7, నిలువు 8, మొత్తం 56 గళ్లు, 2 అంగుళాల పట్టీ. సుమారు 70 వెడల్పు, 80 పొడవు వస్తుంది, ఇద్దరు కప్పుకోవచ్చు. రెండోది, పాత పందిరి మంచమైనా, కాళ్లవైపు ఎత్తు చెక్క ఉన్న మంచమైనా ఆ మూలల్లో బొంత దిగదు, పోగుపడుతుంది. అలాంటప్పుడు కాళ్లవైపు 10 కలపక్కర్లేదు. వడ్రంగి చేత చేయించిన మంచాలు కొన్ని ఆరుంపావు అడుగులే ఉంటాయి. అందుకే పరుపు వేసి ఉండగా టేపుతో మీరే కొలవండి, చెప్పిన సైజు నమ్మొద్దు.

గళ్లు తగ్గించుకోవాలంటే మధ్యలో సన్నని పట్టీలు వేయొచ్చు. కుట్టాక ఒకటిన్నర అంగుళం ఉండే పట్టీ గడికీ గడికీ మధ్యన, చుట్టూ కూడా వేస్తే అడ్డం 7, నిలువు 8 గళ్లతోనే 78.5, 89.5 వస్తుంది. అంటే 72 బదులు 56. చీరల్లో గట్టి గుడ్డ తక్కువగా ఉంటే ఇది మంచి దారి. గళ్లని వజ్రం ఆకారంలో మూలకి తిప్పి పెడితే చాలా అందంగా ఉంటుంది కానీ గడి కొలతని 1.414తో గుణించాలి. 9.5 గడి మూల నుంచి మూలకి 13.4 అవుతుంది, అంచుల్లో త్రికోణాలు కూడా కోయాలి. మొదటి బొంతకి వద్దు.

చీర ఎన్ని గళ్లిస్తుంది? కొత్త చీర అయితే అంచులు తీసేశాక అడ్డం నాలుగు, పొడవున 21, మొత్తం 84 రావాలి. పాత చీరలో సగం కూడా రావు. ఎండకి ఎత్తి పట్టుకుని చూడండి, నలిగిపోయిన చోట వెలుతురు జల్లెడలోంచి వచ్చినట్టు కనిపిస్తుంది. ఆ చోట్లు వదిలేయాలి. నాకు ఒక్కో చీరకి 30, 35 కంటే ఎక్కువ దక్కలేదు. మీ నాలుగింటిలో ఒకటి వెనక గుడ్డకి తీసుకున్నా మిగతా మూడూ ఒక మాదిరిగా ఉంటే 72కి సరిపోతాయి. చీర పన్నా 45 అంగుళాలు ఉంటే దాన్ని సగానికి కోసి పక్కపక్కన అతికితే 89 వెడల్పు, 108 పొడవు వస్తుంది. వెనక వైపుకి ఒక్క చీర చాలు. పట్టు చీర ఏదైనా ఉంటే నూలుతో కలపకండి, ఉతికితే రెండూ వేరేగా ముడుచుకుంటాయి.

మెత్తబడిన నూలు గుడ్డ కత్తెర కింద జారుతుంది. ఉతికి, చిక్కటి గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, అప్పుడు అట్ట పెట్టి గీసి కోయండి. అట్ట సరిగ్గా 10, 10 ఉండాలి. ఒకే అట్టతో అన్నీ గీయండి, కోసిన గుడ్డ ముక్కతో ఇంకో ముక్క గీశారంటే కొలత ప్రతిసారీ కొంచెం కొంచెం పెరుగుతూ పోతుంది.

మొత్తం 72 ఒకేసారి కోయొద్దు. నాలుగు కోయండి. వరసగా కుట్టి, ఇస్త్రీ చేసి ఈ చివర నుంచి ఆ చివరకి కొలవండి. సరిగ్గా 38.5 అంగుళాలు రావాలి. నాలుగు 9.5లు 38, రెండు చివర్లూ ఇంకా కుట్టులోకి పోలేదు కాబట్టి ఇంకో అర అంగుళం. మిషన్ ఫుట్ (గుడ్డని నొక్కి పట్టే భాగం) అంచుని బట్టి కుడితే ఒక్కో మిషన్‌కి ఒక్కోలా పడుతుంది. కుట్టు అంగుళంలో ఎనిమిదో వంతు లోపలికి జరిగినా ఎనిమిది గళ్ల వరసలో 2 అంగుళాలు పోతాయి. 38.5 రాకపోతే కుట్టు జరపండి, లేదా మీకు వచ్చిన కొలతతోనే లెక్క మళ్లీ వేసుకోండి. ఆ తర్వాతే మిగతా 68. ఇంకో నాలుగైదు అదనంగా కోసి పెట్టుకోండి, కుట్టేటప్పుడు ఒకటో రెండో పీలికలయ్యేవి ఉంటాయి.

మీ మంచానికి కాళ్లవైపు చెక్క ఉందా, దోమతెర దోపుతారా, ఆ రెండూ రాయండి. దాన్ని బట్టి 72 ఉంచాలో 56కి దిగాలో చెబుతాను.