ముఖం మీద తీర్పు రాయకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. వాక్యం తేలిగ్గా నడుస్తుంది, ఆ సంగతి నీకూ తెలుసు కాబట్టి అక్కడితో వదిలేస్తున్నాను. రెండో పేజీలో నన్ను నిలబెట్టేసిన మాట గురించి రాయాలి. "ముఖం శుభ్రంగా ఉంచుకోనివారికి, నూనె పదార్థాలు ఎక్కువగా తినేవారికి మొటిమలు వస్తాయి" అన్నావు. ఇది నువ్వు విచారించి తెలుసుకున్నది కాదు. ఎక్కడో చదివినది, ఎవరో అన్నది. నీ ప్రమేయం లేకుండానే కాగితం మీదికి వచ్చేసింది. తెలుగులో ఆరోగ్యం గురించి రాసేవాళ్ళు ఎంతోమంది ఈ వాక్యాన్ని ఇలాగే ఒకరి దగ్గర అందుకుని ఇంకొకరికి అప్పగించారు.

అది ఎవరి చేతిలో పడుతుందో ఊహించు. జూనియర్ కాలేజీ హాస్టల్లో ఉండే పదిహేడేళ్ళ పిల్ల. వీలు దొరికినప్పుడల్లా సబ్బుతో ముఖం రుద్దుకుంటోంది. రాత్రి నిమ్మరసమో టూత్‌పేస్టో పూసుకుని మంట భరిస్తూ పడుకుంటోంది. ఇంటినుంచి వచ్చిన జంతికల డబ్బా మూత కూడా తీయడం లేదు. అయినా బుగ్గల మీద కొత్త పొక్కులు లేస్తూనే ఉన్నాయి. నువ్వింకా సరిగ్గా కడుక్కోవడం లేదని నీ వాక్యం ఆమెతో అంటోంది. ఆమె నమ్ముతుంది, ఇంకా గట్టిగా రుద్దుతుంది. అతిగా తోమిన చర్మం పైపొర దెబ్బతిని, చివరికి వైద్యుడు సరైన మందు రాసిచ్చినా దాన్ని తట్టుకోలేని స్థితికి వస్తుంది. అచ్చులో ఒక్క వాక్యం ఇంత పని చేయగలదు. నా కోపమంతా అందుకే.

ఇన్నేళ్ళుగా నేను పట్టుకుని వదలని మాట ఒకటుంది. వ్యాధి గురించి రాసేటప్పుడు ముందు శరీరం లోపల ఏం జరుగుతోందో రాయాలి. రోగి ఏం తప్పు చేశాడో వెతకడం రచయిత పని కాదు. లోపలి సంగతి తెలియనప్పుడే పైకి కనిపించే మనిషి మీద తీర్పు చెప్పాలనిపిస్తుంది. చర్మవ్యాధుల విషయంలో ఇది మరీ ఎక్కువ. గుండె జబ్బు చొక్కా కింద దాగుతుంది, మొటిమ దాగదు. చూసిన ప్రతివాడూ ఒక సలహా ఇస్తాడు. మనం రాసేది ఆ సలహాల గుంపులో ఇంకొకటి కాకూడదు.

మొటిమ ఎలా పుడుతుందో నీ వ్యాసంలో ఎక్కడా లేదు. ముఖం, ఛాతీ, వీపు మీది సన్నని వెంట్రుకల కుదుళ్ళను అంటిపెట్టుకుని నూనె గ్రంథులు ఉంటాయి. అవి ఊరించే జిడ్డును సీబమ్ అంటారు. యుక్తవయసులో పెరిగే ఆండ్రోజెన్ హార్మోన్లు ఆ గ్రంథుల పని పెంచుతాయి. మగవాళ్ళ హార్మోన్లని పేరు పడినా ఇవి ఆడపిల్లల్లోనూ ఉంటాయి, ఈ మాట తప్పకుండా రాయి. అదే సమయంలో కుదురు లోపలి గోడ మీది కణాలు రాలవలసినట్టు రాలవు. జిడ్డుతో కలిసి ఉండకట్టి దారిని మూసేస్తాయి. ఆ రంధ్రం పైకి తెరుచుకుని ఉంటే దాన్నే బ్లాక్‌హెడ్ అంటున్నాం. దాని నలుపు మురికి కాదు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ వల్ల, గాలి తగిలి ఆక్సీకరణం చెందిన కొవ్వుల వల్ల వచ్చిన రంగు అది. ఎంత తోమినా పోకపోవడానికి కారణం ఇదే. ఈ ఒక్క విషయం నీకు ముందే తెలిసి ఉంటే రెండో పేజీలో ఆ వాక్యం రాయడానికి నీకే చేయి వచ్చేది కాదు.

మూసుకుపోయిన కుదురులో క్యూటిబాక్టీరియం యాక్నెస్ అనే బాక్టీరియా పెరుగుతుంది. 2016 దాకా దాన్ని ప్రొపియోనిబాక్టీరియం యాక్నెస్ అనేవారు. మొటిమలు లేనివాళ్ళ చర్మం మీద కూడా అది ఉంటుంది. దానికి మన రోగనిరోధక వ్యవస్థ స్పందించే తీరే ముఖ్యం. రసాయన సంకేతాలు వెలువడతాయి, తెల్లరక్తకణాలు వచ్చి చేరతాయి, రక్తనాళాలు వెడల్పవుతాయి. అక్కడ ఎర్రబడుతుంది, ఉబ్బుతుంది, నొప్పి పుడుతుంది. ఇన్‌ఫ్లమేషన్ అంటే ఇదే, ఇకమీద దీన్నే వాపు అంటాను. కుదురు గోడ లోతున పగిలితే గడ్డ కడుతుంది, మానాక గుంట మిగులుతుంది. గిల్లితే లోపలి పదార్థం ఇంకా లోతుకు పోతుంది. మన చామనచాయ చర్మంలో వాపు తగ్గిన చోట మెలనిన్ పేరుకుని నల్లమచ్చ నెలల తరబడి ఉంటుంది. మన పాఠకులను మొటిమ కంటే ఎక్కువగా బాధపెట్టేది ఆ మచ్చే. నువ్వు దాని గురించి ఒక్క ముక్క రాయలేదు.

ముందు దారి మూసుకుంటుంది, తర్వాత బాక్టీరియా పెరుగుతుంది, చివర వాపు వస్తుంది అని పాత పుస్తకాల్లో వరుస ఉండేది. 2003లో ఇంగ్లండులోని లీడ్స్ పరిశోధకులు మొటిమల రోగుల చర్మంలో పైకి మామూలుగా కనిపిస్తున్న కుదుళ్ళను పరిశీలించారు. దారి ఇంకా మూసుకోని చోట కూడా రోగనిరోధక కణాలు అప్పటికే చేరి ఉన్నాయి. అంటే వాపు ఈ జబ్బులో మొదటినుంచీ ఉంది. నీ వ్యాసాన్ని ఇక్కడినుంచి మొదలుపెట్టి చూడు. చికిత్సకు ఎందుకంత సమయం పడుతుందో కూడా అప్పుడు చెప్పగలుగుతావు. బెంజాయిల్ పెరాక్సైడ్, అడపలీన్ వంటి పైపూత మందులు పైకి లేచిన పొక్కుతో పాటు, ఇంకా కనిపించనివాటి మీద కూడా పనిచేయాలి. అందుకే గుణం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. పది రోజులు రాసి, ఫలితం లేదని ట్యూబు పారేసేవాడికి ఈ లెక్క ముందే తెలియాలి. యాంటీబయాటిక్‌ను ఒంటరిగా, దీర్ఘకాలం వాడితే బాక్టీరియా దానికి లొంగకుండా తయారవుతుందని కూడా రాయి. 1982లో అమెరికాలో అనుమతి పొందిన ఐసోట్రెటినోయిన్ తీవ్రమైన మొటిమలకు గొప్ప మందే కానీ గర్భంలో ఉన్న బిడ్డకు తీవ్రమైన అవయవలోపాలు కలిగిస్తుంది. ఆ మందు పేరు, ఈ హెచ్చరిక ఒకే వాక్యంలో ఉండాలి. రెండు వాక్యాలుగా రాస్తే రెండోదాన్ని ఎవరో ఒకరు కోసేస్తారు.

తిండి సంగతి. రక్తంలో చక్కెరను వేగంగా పెంచే ఆహారం తగ్గిస్తే మొటిమలు కొంత తగ్గాయని 2007లో ఆస్ట్రేలియాలో జరిగిన ఒక అధ్యయనం చూపింది. పాలకూ, ముఖ్యంగా వెన్న తీసిన పాలకూ కొంత సంబంధం ఉండవచ్చని వేరే పరిశీలనలు ఉన్నాయి. నూనె వంటకాల మీద నువ్వు వేసిన నేరానికి అంతపాటి ఆధారం లేదు. "కొందరిలో పెంచవచ్చు" అనడం వేరు, "అందువల్ల వస్తాయి" అనడం వేరు. ఈ తేడా నిలబెట్టలేనివాళ్ళు ఆరోగ్యం గురించి రాయకూడదని నా గట్టి అభిప్రాయం.

తేడా నిలబెడితే సంపాదకులకు నచ్చదు, అదీ నిజమే. నాకు వైద్యంలో పట్టా లేదు. ఒక ప్రభుత్వ ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో పెద్ద డాక్టరుగారు దయతలచి ఓపీలో మూలన కూర్చోనిచ్చారు. అక్కడ చూసిందీ విన్నదీ రాసుకుని, సాయంత్రాలు వైద్య కళాశాల గ్రంథాలయంలో సరిచూసుకునేదాన్ని. ఆ రోజుల్లో నేను ఎక్కువగా చూసింది క్రీములు పూసుకుని ముఖం పాడైన ఆడవాళ్ళను. ఇంట్లోవాళ్ళో, పక్కింటివాళ్ళో, మందుల షాపు కుర్రవాడో చెప్పిన క్రీము. బెటామెథాసోన్, మొమెటాసోన్ వంటి స్టెరాయిడ్ కలిసినది. మొదట్లో అది అద్భుతంగా పనిచేస్తుంది. రక్తనాళాలు ముడుచుకుంటాయి, వాపు అణుగుతుంది, ముఖం తెల్లబడినట్టుంటుంది. వారాలు, నెలలు గడిచేసరికి చర్మం పలచబడి, సన్నని ఎర్ర రక్తనాళాలు తేలి, కొత్త పొక్కులు లేస్తాయి. మానేద్దామంటే మంట రెట్టింపు అవుతుంది, దాంతో మళ్ళీ అదే ట్యూబు. ఈ స్థితికి మన దేశపు చర్మవైద్యులే స్టెరాయిడ్ వల్ల దెబ్బతిన్న ముఖం అని పేరు పెట్టి, ఏళ్ళ తరబడి పోరాడారు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పైపూతలను వైద్యుడి చీటీ లేకుండా అమ్మరాదని ఆదేశించింది.

ఇదంతా నేను ఒక ఆదివారం అనుబంధానికి రాసిపంపాను. అచ్చయి వచ్చాక చూస్తే స్టెరాయిడ్ పేరా మొత్తం లేదు. దాని స్థానంలో శెనగపిండి, పెరుగుతో అయిదు చిట్కాలు పెట్టె కట్టి వేశారు. అదే సంచిక వెనక అట్ట మీద తెల్లబరిచే క్రీము ప్రకటన నిండుగా ఉంది. అడిగితే "పాఠకులకు ఇంత వివరం ఎందుకమ్మా" అన్నారు. ఆ సంపాదకుడి మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. చల్లారవలసిన అవసరమూ నాకు కనిపించదు. ఇప్పుడు అదే పని వీడియోల్లో జరుగుతోంది. అద్దంలా మెరిసే చర్మమట, ఏడు రోజుల్లోనట. మనిషి చర్మానికి రంధ్రాలుంటాయి, వెంట్రుకలుంటాయి, అది అద్దం కానక్కర్లేదు. "మొటిమ వాపు జబ్బు" అని నువ్వు రాసిన మరుక్షణం ఎవరో ఒకరు "అయితే వాపు తగ్గించే స్టెరాయిడ్ రాస్తే సరి" అనుకుంటారు. కాబట్టి ఆ పేరా నీ వ్యాసంలో ఉండి తీరాలి. ఎవరైనా తీసేస్తామంటే వ్యాసం వెనక్కి తెచ్చుకో.

ఇక తొమ్మిదో పేజీ. అడుగున, చిట్కాల మధ్య ఇరుక్కుని మూడు వాక్యాలున్నాయి. మీ పెదనాన్నగారి ముఖం ఎప్పుడూ కందినట్టు ఉండేదనీ, ముక్కు లావెక్కి గరుకుగా మారిందనీ, జీవితంలో చుక్క ముట్టని మనిషిని ఊరంతా తాగుబోతు అన్నదనీ, ఆయన పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేశారనీ రాశావు. వెంటనే కలబంద గుజ్జు గురించి మొదలుపెట్టావు. ఆ మూడు వాక్యాల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నీ వ్యాసం అక్కడుంది.

ఆయనకున్నది రోజేసియా అని నా అనుమానం, నిర్ధారించవలసింది వైద్యుడే. ఇదీ వాపు జబ్బే కానీ మొటిమ కాదు. సాధారణంగా ముప్ఫయి దాటాక మొదలవుతుంది. ముక్కు, బుగ్గలు, నుదురు, గడ్డం పట్టుకుంటుంది. పొక్కులు లేస్తాయి కానీ బ్లాక్‌హెడ్స్ ఉండవు. చర్మం తనను తాను కాపాడుకోవడానికి తయారుచేసే క్యాథెలిసిడిన్ అనే ప్రొటీన్ ఈ రోగుల్లో ఎక్కువగా, తేడా రూపంలో ఉంటుందనీ, అదే వాపును రగిలిస్తుందనీ 2007లో కాలిఫోర్నియాలో రిచర్డ్ గాలో బృందం చూపింది. దాదాపు పెద్దవాళ్ళందరి ముఖం మీదా కంటికి కనిపించకుండా బతికే డెమోడెక్స్ అనే పురుగులు వీళ్ళలో మరీ ఎక్కువగా ఉంటాయి. నరాల పాత్రా ఉంది. వేడికీ, మిరపలోని క్యాప్సైసిన్‌కూ స్పందించే నరాల కొసల గ్రాహకం ఒకటే, దాని పేరు టీఆర్‌పీవీ1. దాన్ని గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. ఎండ, పొయ్యి సెగ, పొగలు కక్కే టీ, గుంటూరు కారం, ఆఖరికి సిగ్గు, కోపం కూడా ఆ ముఖాన్ని మండిస్తాయి. మద్యం కూడా కొందరిలో మండించేవాటిలో ఒకటి, అంతే. అది జబ్బుకు మూలం కాదు. ముక్కు లావెక్కడం తాగనివాళ్ళలోనూ జరుగుతుంది. మీ ఊరు ఆయన మీద వేసిన నింద ఎంత అన్యాయమో ఇలా వివరం రాస్తేనే పాఠకుడికి తెలుస్తుంది. "పాపం ఆయన మంచివాడు" అని రాసి ఊరుకుంటే తెలియదు.

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఒక చిత్రం ఉంది. పదిహేనో శతాబ్దం చివర ఫ్లోరెన్స్ చిత్రకారుడు దొమెనికో గిర్లాందాయో వేసినది. ఒక వృద్ధుడు, ఆయన ఒళ్ళో పసివాడు. వృద్ధుడి ముక్కు బుడిపెలు బుడిపెలుగా ఉబ్బి ఉంది. ఇది రోజేసియాలో వచ్చే మార్పేనని వైద్యులు ఆ బొమ్మను చూపుతూ వచ్చారు. చిత్రకారుడు ఆ ముక్కును దాచలేదు, వెక్కిరించలేదు. పిల్లవాడు తలెత్తి ఆ ముఖంలోకే చూస్తున్నాడు. పెదనాన్నగారి గురించి రాసే ముందు ఆ బొమ్మను వెతికి చూడు.

ఇంకొక సంగతి. పాశ్చాత్య పుస్తకాల్లో రోజేసియా బొమ్మలు చాలామటుకు తెల్లని ముఖాలవి. ముదురు రంగు చర్మం మీద ఆ ఎరుపు సులభంగా కనబడదు, అందుకే మనవాళ్ళలో చాలామందికి జబ్బు ఉన్నా ఎవరూ పట్టించుకోరు. అలాంటి చోట కంటికి ఆనేది తక్కువ, మనిషి చెప్పేది ఎక్కువ: ముఖం మండుతోంది, సూదులు గుచ్చినట్టుంది, ఏ క్రీము రాసినా చురుక్కుమంటోంది. ఇవన్నీ అడిగి రాసుకో. వర్ణన కోసం కళ్ళను మాత్రమే నమ్ముకునే అలవాటు మన కథల్లోనూ వ్యాసాల్లోనూ మితిమీరింది.

కలం పేరు గురించి, పుస్తకం వేయడం గురించి అడిగావు. ఇప్పుడు వాటి జోలికి పోను.

చిట్కాలన్నీ తీసేసి, మూడు వాక్యాలనూ పెంచి మళ్ళీ రాసి పంపు. దానికంటే ముందు చేయవలసిన పని వేరే ఉంది. పెదనాన్నగారిని కళ్ళు మండుతున్నాయా, పొడిబారి ఇసుక పడ్డట్టు గరగరలాడుతున్నాయా, రెప్పల అంచులు ఎర్రబడుతున్నాయా అని అడుగు. రోజేసియా కంటికీ వస్తుంది. పట్టించుకోకపోతే కంటి ముందుండే పారదర్శక పొర కార్నియా దెబ్బతిని చూపు తగ్గవచ్చు. మెట్రోనిడజోల్ జెల్, అజెలాయిక్ ఆమ్లం, ఐవర్‌మెక్టిన్ క్రీము, తక్కువ మోతాదు డాక్సీసైక్లిన్ వంటి మందులున్నాయి. ముక్కు ఆకారాన్ని లేజరుతోనో శస్త్రచికిత్సతోనో సరిచేయవచ్చు. ఏది తగునో చర్మవైద్యుడు చెబుతాడు. కంటి బాధ ఉంటే కంటి డాక్టరుకు కూడా చూపించాలి. ఆయన ఇన్నాళ్ళూ ఎవరికీ చూపించుకోలేదని నీ వ్యాసం చదివితే అర్థమవుతోంది. ఈ నెల దాటనివ్వకుండా నువ్వే వెంటబెట్టుకుని తీసుకువెళ్ళు. డాక్టరు ఏమన్నారో నాకు రాయి.