మా నెట్ సెంటర్ మాస్టారి లాంగ్ నోట్‌బుక్

"వెబ్‌సైట్లు, నెట్ సెంటర్ల రోజులు పోయి అన్నీ ఫోన్లో యాప్‌లు అయిపోయాయి కదా, పనులు నిజంగా సులువయ్యాయా?" అని అడిగారు. చేతిలో ఫోన్‌తోనే పుట్టినవాళ్లకి సులువయ్యాయి. మిగతావాళ్ల మాట ఎవరూ అడగడం లేదు. విశాఖలో పీజీ చదివే రోజుల్లో సాయంత్రాలు ఒక నెట్ సెంటర్ కౌంటర్లో కూర్చున్నదాన్ని కాబట్టి ఇంత ధీమాగా చెబుతున్నాను.

అక్కయ్యపాలెంలో మెట్ల కింద చిన్న షాపు. ప్లైవుడ్ క్యాబిన్లు, అక్షరాలు అరిగిపోయిన కీబోర్డులు, గోడకి ‘ఐడీ ప్రూఫ్ లేనిదే సిస్టం ఇవ్వబడదు’ అన్న కాగితం. ఓనరు గారిని వీధంతా మాస్టారనేది. ఆయన దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉండేది. వచ్చినవాళ్లకి మెయిల్ ఐడీ ఆయనే తెరిచి, పాస్‌వర్డ్ కూడా ఆయనే పెట్టి అందులో రాసుకునేవారు. పక్కన గుర్తులు: ‘పోర్టు రిటైర్డ్’, ‘పాల బూత్ ఎదురిల్లు’. సగం వీధి పాస్‌వర్డ్‌లు ఆ సొరుగులోనే.

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కి వెబ్ ఆప్షన్లు పెట్టే ఆఖరి రాత్రి ఒకటి బాగా గుర్తు. షట్టర్ సగం దించేశాం, బయట వాన. స్టీల్ ప్లాంట్‌లో డ్యూటీ దిగి యూనిఫాంతోనే ఒకాయన వంగి లోపలికొచ్చారు. వెనకే కూతురు, చేతిలో కాలేజీ కోడ్‌లు రాసిన కాగితం. పాస్‌వర్డ్ మర్చిపోయానని ఆ అమ్మాయి ఒకటే ఏడుపు. "నువ్వు మర్చిపోతే ఏటి, మాస్టారి దగ్గర ఉంటాది కదా" అన్నారు తండ్రి, చాలా మామూలుగా. ఉంది. మాస్టారు కోడ్‌లు చదవడం, నేను కొట్టడం. సైటు ఉన్నట్టుండి లాగౌట్ చేసేసేది, మళ్లీ మొదటికి. అందుకని నాలుగైదు కోడ్‌లకోసారి సేవ్ నొక్కుతున్నాం. ఒకచోట మాస్టారు చదవడం ఆపి, "ఈ కాలేజీకి రోజూ రెండు బస్సులు మారాలి, అమ్మాయిని పంపుతావా బాబూ?" అన్నారు. ఆయన కాసేపు ఆలోచించి ఆ కోడ్‌ని బాగా కిందికి దించమన్నారు. ప్రింటవుట్ ఇస్తే మడవకుండా చొక్కా లోపల పొట్టకి ఆనించుకుని వానలోకి వెళ్లిపోయారు.

ఆ రెండు బస్సుల సంగతి ఇప్పుడు ఏ యాప్ అడుగుతుందో చెప్పండి.

పాస్‌వర్డ్‌లు పుస్తకంలో రాయడమేంటి, సెక్యూరిటీ వద్దా అని మా అబ్బాయి నవ్వుతాడు. వ్యక్తిగత డేటాకి రక్షణ అంటూ 2023లో చట్టమే వచ్చింది. అయినా నాకు లోన్ ఇస్తామనే ఫోన్లు ఆగలేదు. మాస్టారి నోట్‌బుక్‌లోంచి ఒక్క పాస్‌వర్డ్ బయటికి పోలేదు. ఎలా తెలుసంటారా? పోయుంటే సాయంత్రానికల్లా వీధంతా గొడవయ్యేది.

ఇంకో సంగతి. ఫేస్‌బుక్‌లాగే స్నేహితులతో ఫొటోలు పంచుకునే ఆర్కుట్ సైటుని 2014 సెప్టెంబరు 30న మూసేశారు. పన్నెండు రోజులకి, అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను వచ్చి ఊరిని ఊపేసింది. బీరువాలోకి నీళ్లు దూరి మా పెళ్లి ఆల్బమ్ తడిసిపోయింది. ఎండబెడితే సగం ఫొటోలు దక్కాయి. ఆర్కుట్ ఫొటోలు దింపుకోవడానికి కూడా 2016 సెప్టెంబరు దాకా గడువు ఇచ్చారు. ఆ విషయం మా వీధిలో ఒక్కరికీ తెలీదు. చెప్పే మనిషి మాస్టారే, ఆయనేమో అప్పటికే సగం సిస్టంలు అమ్మేసి జిరాక్స్ మెషిన్ పెట్టుకున్నారు. ఆ సెప్టెంబరు 5నే జియో వచ్చింది. మిగతా సగం కూడా అమ్ముడుపోయాయి.

ఇప్పుడు ప్రభుత్వ సేవలకి వాట్సాప్‌లో మన మిత్ర ఉంది. 2025 జనవరి 30న 161 సేవలతో మొదలుపెట్టారు. బాగానే ఉంది, నేనూ వాడతాను. మా అత్తగారి కష్టం వేరు. ఏ యాప్ తెరిచినా ఓటీపీ అంటుంది. అది వచ్చాక ఆవిడ కళ్లజోడు వెతుక్కోవాలి, కళ్లజోడు దొరికేసరికి ఓటీపీ గడువు అయిపోతుంది. 2025 అక్టోబరులో గూగుల్ మన ఊళ్లో ఏఐ హబ్ కోసం ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతానని ప్రకటించింది. పెట్టనివ్వండి, సంతోషమే. మా వంటింట్లో సిగ్నల్ వస్తే ఇంకా సంతోషం.

మాస్టారి షాపు ఇప్పుడు ఆయన అల్లుడు చూస్తున్నాడు. ఫారం నింపితే యాభై రూపాయలు అడుగుతున్నాడని వీధిలో సణుగుతుంటారు. నన్నడిగితే అది తక్కువే. ఇంట్లో నేనుండగానే మా అత్తగారు ఫోన్ పట్టుకుని అతని దగ్గరికే వెళ్తారు. నేను విసుక్కుంటానట, అతను విసుక్కోడట.