మీ ప్రశ్నకు సమాధానం: భద్రాచలం ఓటర్లు ఎటు పోయారు?

ప్రశ్న: భద్రాచలం శాసనసభ నియోజకవర్గం ఒకప్పుడు సీపీఎంకు కంచుకోట అని పెద్దలు చెబుతారు. 2023 ఎన్నికల్లో తెలంగాణలో అతి తక్కువ మంది ఓటర్లున్న నియోజకవర్గం అదేనని చదివాను. ఓటర్లు అంతగా తగ్గడానికి, పార్టీ బలం తగ్గడానికి సంబంధం ఉందా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

సమాధానం: సంబంధం ఉంది, అయితే అదొక్కటే కారణం కాదు. షెడ్యూల్డు తెగలకు రిజర్వు చేసిన ఈ స్థానంలో 1985 నుంచి 2004 వరకు జరిగిన ఐదు ఎన్నికల్లోనూ సీపీఎం గెలిచింది. మొదటి మూడుసార్లు కుంజా బొజ్జి, తరువాతి రెండుసార్లు సున్నం రాజయ్య శాసనసభకు వెళ్లారు. పదవిలో ఉండి కూడా బస్సుల్లో, ఆటోల్లో తిరిగిన రాజయ్యను, అంతే నిరాడంబరంగా జీవించిన బొజ్జిని అక్కడివారు ఇప్పటికీ ప్రేమగా తలుచుకుంటారు. ఆ గెలుపుల్లో పార్టీ నిర్మాణానికి ఎంత పాత్ర ఉందో, కోయ గూడేల్లో పుట్టి పెరిగిన నాయకులపై ఉన్న నమ్మకానికీ అంతే ఉందని నా అభిప్రాయం. 2009లో కాంగ్రెస్ అభ్యర్థి కుంజా సత్యవతి గెలవడంతో ఆ వరుస తెగింది. అప్పటికి రాష్ట్ర విభజన జరగలేదు కనుక, ఆ ఓటమిని హద్దుల మార్పుకు ముడిపెట్టలేము.

2014లో రాజయ్య మళ్లీ గెలిచారు. అసలు మలుపు ఆ ఎన్నికల తరువాతే వచ్చింది. వాజేడు నుంచి చింతూరు వరకు గోదావరికి ఎడమ ఒడ్డున ఉన్న ఎనిమిది మండలాల ప్రజలు ఏప్రిల్ 30న ఒకే శాసనసభ్యుణ్ణి ఎన్నుకునేందుకు ఓటు వేశారు. నెల తిరిగేసరికి, పోలవరం ప్రాజెక్టు ముంపును కారణంగా చూపుతూ కేంద్రం తెచ్చిన ఆర్డినెన్సుతో చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలు, పట్టణం మినహా భద్రాచలం మండలం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. జూలైలో పార్లమెంటు దానిని చట్టం చేసింది. వి.ఆర్.పురం మండలంలోని రాజయ్య సొంత ఊరు సున్నంవారిగూడెం కూడా అలా పొరుగు రాష్ట్రానికి చేరింది. ఆయన తెలంగాణ శాసనసభలో కూర్చుంటే, ఆయనకు ఓటు వేసినవారిలో చాలామంది ఆంధ్రప్రదేశ్ పాలనలో ఉన్నారు. 2019 వరకు అక్కడి శాసనసభలో వారు ఎన్నుకున్న సభ్యుడే లేడు. సంఖ్యలు చెప్పుకునేటప్పుడు మనం ఈ ఐదేళ్ల లోటును మరిచిపోతున్నాం. ఇల్లూ పొలమూ మునిగిపోతాయన్న భయంలో ఉన్నవారికి, సరిగ్గా ఆ సమయంలోనే సభలో తమ గొంతు లేకపోయింది.

ఇప్పుడు ఆ మండలాలు రంపచోడవరం నియోజకవర్గంలో ఉన్నాయి. భద్రాచలానికి వాజేడు, వెంకటాపురం, చర్ల, దుమ్ముగూడెం మండలాలు, భద్రాచలం పట్టణం మాత్రమే మిగిలాయి. అందువల్లే 2023లో ఓటర్ల సంఖ్య సుమారు 1.48 లక్షల దగ్గర ఆగింది. 2018లో కాంగ్రెస్ నుంచి పొదెం వీరయ్య, 2023లో బీఆర్‌ఎస్ నుంచి తెల్లం వెంకట్రావు గెలిచారు. పూర్వపు ఖమ్మం జిల్లాలోని పది స్థానాల్లో ఆ ఏడాది బీఆర్‌ఎస్‌కు దక్కింది ఇదొక్కటే. ఆ తరువాత ఆయన 2024లో కాంగ్రెస్‌లో చేరారు. కాబట్టి 2014కు ముందరి ఫలితాలనూ తరువాతి ఫలితాలనూ పక్కపక్కన పెట్టి బలాబలాలు లెక్కగట్టడం సరికాదు. పేరు ఒకటే అయినా ఓటర్లు వేరు.

ప్రశ్న: ఈ ప్రాంతం మొదటినుంచీ ఖమ్మం జిల్లాలోనే ఉందా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: లేదు. భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959 వరకు మీ తూర్పు గోదావరి జిల్లాలోనివే. ఆ ఏడాది ఖమ్మంలో కలిశాయి. 2014లో జరిగిన వాదోపవాదాల్లో ఈ పాత చరిత్రను రెండు పక్షాలూ తమకు అనువుగా ఎత్తిచూపాయి. పట్టణాన్ని ఆనుకొని ఉన్న ఎటపాక, కన్నాయిగూడెం, పిచుకలపాడు, పురుషోత్తపట్నం, గుండాల పంచాయతీలను తిరిగి తెలంగాణకు ఇవ్వాలన్న కోరిక అప్పటినుంచీ వినబడుతూనే ఉంది. ఎటపాక వారికి సంత, ఆసుపత్రి, బస్టాండు అన్నీ పక్కనే ఉన్న భద్రాచలంలో ఉన్నాయి. వారి నియోజకవర్గ కేంద్రం మాత్రం కొండలు దాటి వెళ్లాల్సిన రంపచోడవరం.