సీసాలు పట్టుకుని ఏటి ఒడ్డున తిరగడమూ ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాదిలో ఉంది. నదుల నీటి పర్యవేక్షణలో పీజీ చేస్తానంటోంది. ఇప్పుడంతా శాటిలైట్లు, ఏఐలే కదా! సీసాలు పట్టుకుని ఏటి ఒడ్డున తిరిగే బదులు డేటా సైన్స్ చేయమంటున్నాను. రెండింటిలో ఏది మేలు?

జవాబు: పోలిక తర్వాత చూద్దాం. మీ టెన్షన్ కోర్సు గురించి కాదు, ఆ సీసాల గురించి. నలుగురికీ చెప్పుకోవడానికి ఎలా ఉంటుందోనని. ఈ ఉత్తరం నాకు కొత్త కాదు.

శాటిలైట్ల గొప్పతనం కాదనను. 2002లో ప్రయోగించిన గ్రేస్ జంట ఉపగ్రహాలు గురుత్వాకర్షణలో తేడాలను బట్టి భూగర్భజలాల తరుగుదలను పట్టేశాయి. కానీ అలాంటి ఉపగ్రహాల చూపు వందల కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంటుంది. ఫలానా మలుపులో చేపలెందుకు చచ్చాయంటే చెప్పలేవు. నీటిరంగును బట్టి నాచునూ బురదనూ అంచనా కట్టే ఉపగ్రహాలున్నాయి, నీటిలో కరిగిన ఆక్సిజన్ మాత్రం వాటికి నేరుగా కనిపించదు.

ఆ ఆక్సిజన్ సంగతే చూడండి. నాచు పట్టిన నదిలో ఎండ వేళ అది పెరుగుతుంది, తెల్లవారుజామున బాగా పడిపోతుంది. రోజూ మధ్యాహ్నమే తీసిన శాంపిల్స్‌తో ఎంత గొప్ప మోడల్ కట్టినా నది నిక్షేపంలా కనిపిస్తుంది. నీటిలో ముంచి ఉంచే కొలత పరికరానికి (ప్రోబ్‌కి) పాచి పట్టి రీడింగ్ మెల్లగా జారిపోతుంటే, నదే మారిపోతోందనుకుంటాడు కంప్యూటర్ ముందున్నవాడు. వరదకు నది అడుగు కోసుకుపోతే, నీటిమట్టం చూసి ప్రవాహం లెక్కగట్టే పాత పట్టిక చెల్లదు. ఎవరో ఒకరు వెళ్లి మళ్లీ కొలవాలి. ఏటి ఒడ్డు మొహం చూడకుండా 'వాటర్ ఏఐ' అంటూ ఆర్నెల్ల సర్టిఫికెట్లు అమ్మే కోర్సులంటే నాకు అందుకే అనుమానం.

ఇంత రాశారు, అమ్మాయికి ఈ పని ఎందుకు ఇష్టమో ఒక్క ముక్క రాయలేదు. అసలు అడిగారా? బీఎస్సీ చదివించింది మీరు, చదివింది తను.

కంగారు పడకండి. మొదటి కొన్నేళ్లు తిరుగుడు ఉంటుంది, జీతం సాఫ్ట్‌వేర్‌లోలా ఎగబాకకపోవచ్చు. కానీ ఎగువవాళ్లు ఎంత తోడుకోవచ్చు, ఫ్యాక్టరీ ఎంత మురుగు వదలొచ్చు అని తేల్చేచోట బల్ల మీద పెట్టేది ఈ అంకెలనే. ల్యాబూ, డేటా సరిచూడడమూ ఇందులో భాగమే. నీటిలో ఏది ఎంతుందో రసాయనంతో తేల్చే టైట్రేషన్ తనకు ఇప్పటికే వచ్చు. పైథాన్ ప్రోగ్రామింగ్, మ్యాపుల మీద డేటా పరిచి చూసే జీఐఎస్ పక్కన నేర్చుకోవచ్చు. డిగ్రీ మాత్రం నీళ్లలోనే చేయనివ్వండి.

చేరేముందు ఫీల్డ్‌వర్క్ ఎన్ని వారాలో, ప్రవాహం కొలిచే పరికరాలు విద్యార్థుల చేతికిస్తారో లేదో కాలేజీకి ఫోన్ చేసి కనుక్కోవాలి. ఆ ఫోన్ మీ అమ్మాయినే చేయనివ్వండి.