ఫిజీలో వాతావరణ మార్పు మీద పనిచేయడం ఎలా ఉంటుంది? వెళ్ళేముందు ఏం తెలుసుకోవాలి?

మీ ప్రశ్న ఇది: పసిఫిక్ దీవుల్లో వాతావరణ మార్పు గురించి ఊళ్ళలో ప్రచారం, సంస్థల మధ్య సమన్వయం చూసే ఉద్యోగం వచ్చింది, మకాం ఫిజీలో, ముందుగా ఏం తెలుసుకోవాలి? నేను ఫిజీ రాజధాని సువాలో మూడేళ్ళు ఇదే పని చేసి వచ్చాను. మా సంస్థ పేరు చెప్పను, ఎందుకంటే కింద రాయబోయే తప్పుల్లో సగానికి సగం మావే.

ముందుగా, "అవగాహన కల్పించడం" అనే మాటను ఇక్కడే వదిలేసి వెళ్ళండి. 2016 ఫిబ్రవరి 20న విన్‌స్టన్ తుపాను అత్యంత తీవ్రమైన ఐదో కేటగిరీ గాలులతో ఫిజీని తాకింది. 44 మంది పోయారు. కోరో లాంటి దీవుల్లో ఊళ్ళకు ఊళ్ళే నేలమట్టమయ్యాయి. రాకిరాకి దగ్గరి చక్కెర మిల్లు ఆ దెబ్బతో మూతపడింది. అదే నెలలో, తుపానుకు కొద్ది రోజుల ముందే, పారిస్ ఒప్పందాన్ని ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించింది వాళ్ళ పార్లమెంటే. 2017లో ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సుకు అధ్యక్షత కూడా వహించారు. అంతమందికి చోటు చాలక సదస్సు మాత్రం జర్మనీలోని బాన్‌లో జరిగింది. ఇలాంటి వాళ్ళకు సముద్రం గురించి మనం కొత్తగా చెప్పేదేముంటుంది? అక్కడ నిజంగా కరువు మనుషులకు, వాళ్ళ టైముకు. ఈ ఒక్క సంగతి నాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది.

లెక్క చూడండి. ఫిజీ జనాభా తొమ్మిది లక్షల పైచిలుకు. పక్కనున్న తువాలు అయితే పదకొండు వేలు, మా కోనసీమలో ఒక పెద్ద పంచాయతీ అంత. అయినా అదొక దేశం. ప్రధానమంత్రి ఉంటాడు, ఐక్యరాజ్యసమితిలో కుర్చీ ఉంటుంది. కాబట్టి నిధులిచ్చే వాళ్ళందరూ పెద్ద దేశానికి వచ్చినట్టే వస్తారు. ఒక్కొక్కరిదీ ఒక్కో ఫారం, ఒక్కో రిపోర్టు, ఒక్కో ఆర్థిక సంవత్సరం. అవన్నీ వచ్చి పడేది ముగ్గురో నలుగురో కూర్చునే ఒకే గదిలో.

మొదటి ఏడాది నేనొక వర్క్‌షాప్ పెట్టాను. రావాల్సిన ముఖ్యమైన ఆఫీసరు రాలేదు. మూడు మెయిళ్ళు పెట్టాను, జవాబు లేదు. నాలుగో దానికి ఆయనే ఫోన్ చేశాడు. "ఈ నెలలో ఇప్పటికే పద్నాలుగు రోజులు వర్క్‌షాపుల్లో కూర్చున్నాను. మీది పదిహేనోది. నా పని ఎప్పుడు చేసుకోమంటారు?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు, అలసటగా అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

తర్వాత చేసిన పని చిన్నదే. సువాలో అందరి ఆఫీసులూ దగ్గరదగ్గరే ఉంటాయి. ఈ దీవి దేశాల ప్రాంతీయ సంస్థలైన పసిఫిక్ దీవుల ఫోరం సచివాలయం, పసిఫిక్ కమ్యూనిటీ వాళ్ళ ఆఫీసు, పన్నెండు దేశాలు కలిసి నడిపే సౌత్ పసిఫిక్ విశ్వవిద్యాలయం అన్నీ ఆ ఊళ్ళోనే. ఎవరు ఏ వారం ఏ ఊరికి వెళ్తున్నారో రాసుకోవడానికి అందరికీ ఉమ్మడిగా ఒక షీటు తెరిచాను. రెండు నెలలు ఒక్కరూ ముట్టుకోలేదు. ఇక అడగడం మానేసి, ప్రతి సోమవారం పొద్దున్న నేనే అందరికీ ఫోన్లు చేసి నింపడం మొదలుపెట్టాను. భాగస్వామ్యం అంటే ఒప్పందాల మీద సంతకాలు, ఫొటోలు అనుకుంటాం కానీ, నా అనుభవంలో అది సోమవారం ఫోన్లే.

నాలుగో నెలలో ఆ షీటులోనే ఒక సంగతి దొరికింది. రేవా నది డెల్టాలోని ఒకే ఊరికి ఒకే వారంలో మూడు సంస్థలు వెళ్తున్నాయి. అందులో ఒకటి మేము.

ఊరికి వెళ్ళడమంటే అక్కడ జీపు దిగి మైకు పట్టుకోవడం కాదు. ముందు ప్రావిన్సు ఆఫీసు అనుమతి కావాలి. తర్వాత తురంగ నీ కోరో, అంటే గ్రామపెద్ద, ఆయనకు కబురు పెట్టాలి. ఊళ్ళోకి అడుగుపెట్టాక ముందుగా సేవుసేవు. కావా అనే మొక్క ఎండిన వేళ్ళ కట్ట తీసుకెళ్ళి పెద్దల ముందు పెట్టి, వచ్చిన పని చెప్పుకుని, ఊళ్ళో ఉండనివ్వమని అడగాలి. ఆ మాటలు మీ తరఫున తెలిసినవాళ్ళు ఫిజియన్‌లో చెబితే మర్యాద. తర్వాత ఆ వేళ్ళ పొడిని చెక్క పాత్రలో నీళ్ళతో కలిపి కొబ్బరి చిప్పలో ఇస్తారు. ఒక్కసారి చప్పట్లు కొట్టి, చిప్ప అందుకుని, ఒక్క గుక్కలో తాగేసి, మూడుసార్లు చప్పట్లు కొట్టాలి. బురద నీళ్ళలాగే ఉంటుంది, నాలుక కాస్త మొద్దుబారుతుంది. అలవాటవుతుంది లెండి.

ఆ రేవా డెల్టా ఊళ్ళో సేవుసేవు అయ్యాక నేను స్లైడ్లు తెరిచాను. 2050కి సముద్రం ఎంత పెరుగుతుందో గీతలు, రంగులు. పెద్దాయనలు మర్యాదగా తల ఊపారు. ఒక్క ప్రశ్న రాలేదు. మధ్యాహ్నం భోజనం వడ్డించారు. చేప, కొబ్బరి పాలలో ఉడికించిన చేమ ఆకు, కర్రపెండలం. ఊళ్ళో ఆడవాళ్ళు కనిపించింది అప్పుడే. అంటే పొద్దున్నుంచి మాకు వంట చేస్తూ వెనకాలే ఉన్నారు. ఆ వారంలో మా లాంటి మూడు బృందాలకు వండారు, ఎవరి సరుకులతో అనుకుంటున్నారు? వాళ్ళవే. మా రిపోర్టులో "మహిళల భాగస్వామ్యం" అనే గడి ఒకటి ఉండేది. అందులో ఏం రాయాలో తోచలేదు.

రెండోసారి వెళ్ళినప్పుడు స్లైడ్లు తీసుకెళ్ళలేదు. బియ్యం, పప్పు, నూనె, చేప డబ్బాలు తీసుకెళ్ళి, సేవుసేవు అయ్యాక పెద్దల అనుమతి అడిగి వంటింటి వైపు వెళ్ళాను. అక్కడ కొబ్బరి కోరే పీట మీద కూర్చుని ఒకావిడ కోరుతోంది. మాది అంబాజీపేట దగ్గర, కొబ్బరి కోరడం చిన్నప్పటి నుంచీ చేసిన పనే. నేను కోరతానని పీట అడిగి తీసుకున్నాను. ఇండియా నుంచి వచ్చిన మగమనిషి కొబ్బరి కోరుతున్నాడని నవ్వులే నవ్వులు. ఐదో కాయకు నవ్వులు ఆగాయి, మాటలు మొదలయ్యాయి.

నేను 1996 నవంబరు తుపాను సంగతి చెప్పాను. ఆ రాత్రి మా తోటలో చెట్లు పడుతున్న చప్పుడు, తెల్లారి లేచి చూస్తే ఆకాశం ఎక్కువగా కనిపించడం. వాళ్ళు విన్‌స్టన్ రాత్రి గురించి చెప్పారు. ఒకావిడ బావి నీళ్ళు ఉప్పబారి టీ పాలు విరిగిపోతున్నాయని చెప్పింది. చేమ దుంపలు లోపల కుళ్ళిపోతున్నాయని, పోటు వచ్చినప్పుడు నీళ్ళు సమాధుల దాకా వస్తున్నాయని ఇంకొకరు చెప్పారు. పొద్దున్న సభలో పెద్దలు ఒక్కరూ సమాధుల మాట ఎత్తలేదు. ఆ ఊరికి మొదట కావలసింది వాన నీటి ట్యాంకులని ఆ వంటింట్లోనే తేలింది. మేము ప్లాన్‌లో రాసుకున్నది మడ మొక్కల నర్సరీ. అదీ మంచిదే, కానీ రెండోది. కష్టసుఖాలు చెప్పుకుంటూ, తొందర లేకుండా విషయానికి రావడాన్ని వాళ్ళు తలనోవా అంటారు. 2018లో అంతర్జాతీయ వాతావరణ చర్చలకే ఆ పేరు పెట్టించారు. మనం రచ్చబండ దగ్గర చేసేదే కాస్త పద్ధతిగా.

భాష సంగతి. ఫిజియన్‌లో ద్రాకీ అంటే వాతావరణం. మన తెలుగులో లాగే ఇవాళ్టి వానకూ, ముప్పై ఏళ్ళ మార్పుకూ ఒకటే మాట. "ద్రాకీ మారుతోంది" అంటే "ఎప్పుడు మారలేదు బాబూ?" అంటారు ముసలివాళ్ళు, వాళ్ళు అన్నదీ నిజమే. అందుకే మారుతోందని చెప్పకుండా, మీ చిన్నప్పుడు వాలీబాల్ ఎక్కడ ఆడేవారు, ఆ చోటు ఇప్పుడెక్కడుంది అని అడగండి. సముద్రంలోకి వేలు చూపిస్తారు. మా ఉప్పాడలో కూడా ముసలివాళ్ళు అలాగే చూపిస్తారు, ఇదిగో అక్కడ మా వీధి ఉండేది అని.

ఇక చాలామంది మర్చిపోయేది భారతీయ సంతతి వాళ్ళను. 1879 నుంచి 1916 దాకా గిర్మిట్ (ఒప్పంద) కూలీలుగా అరవై వేల మందికి పైగా వెళ్ళారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా మన వాళ్ళు కూడా. వాళ్ళ మనవలు, మునిమనవలు ఇవాళ బా, నాంది, లంబాసా వైపు చెరకు పండిస్తున్నారు, ఎక్కువగా కౌలు భూముల్లో. (నాంది స్పెల్లింగ్ చూసి నాడి అనకండి, నేను మొదటి రోజే అని నవ్వించాను.) 2012లో నాందిలో రెండుసార్లు వరదలొచ్చాయి, జనవరిలో, మళ్ళీ మార్చిలో. అయినా "గ్రామ సంప్రదింపులు" అని మనం రాసుకునేవన్నీ మూలవాసి ఫిజియన్ల గ్రామాల్లోనే జరిగిపోతాయి. అక్కడ గ్రామపెద్ద, గ్రామసభ, కూర్చునే హాలు అన్నీ ఉంటాయి. చెరకు రైతుల ఇళ్ళేమో పొలాల మధ్య విడివిడిగా ఉంటాయి, వాళ్ళ ఊరికి పెద్ద అంటూ ఉండడు. ఎవరిని పిలవాలో తెలియక ఎవరినీ పిలవరు.

వాళ్ళను కలవాలంటే దారి వేరు. రామాయణ మండలులు, బడి కమిటీలు, గుళ్ళు. దక్షిణాది వాళ్ళకు 1926లో పెట్టిన సంగం అనే సంఘం ఉంది, ఈస్టర్ సెలవుల్లో దాని సమ్మేళనం జరుగుతుంది. 1941లో తెలుగువాళ్ళు విడిగా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు (మనం ఎక్కడున్నా మనమే). తెలుగు ఇళ్ళలో కూడా ఇప్పుడు మాట్లాడేది ఫిజీ హిందీనే. నాందిలో ఒక తాత నాతో "అమ్మ, నీళ్ళు, దా" అని మూడు మాటలు తెలుగులో చెప్పి, మిగతాదంతా హిందీలో వరద గురించి చెప్పాడు. ఆ గంటన్నరలో కాలువల పూడిక గురించి నాకు తెలిసినంత ఏ రిపోర్టులోనూ తెలియలేదు. ఫిజీ హిందీ రేడియోను మాత్రం వదలకండి. చెరకు లారీలు మిల్లు ముందు గంటలకొద్దీ క్యూలో ఉంటాయి, డ్రైవర్లందరూ వింటారు.

ఊళ్ళను పైకి తరలించే చర్చలోకి మిమ్మల్ని లాగితే జాగ్రత్త. వనువా లేవు దీవిలో వునిందోంగోలోవా అనే ఊరిని 2014లో రెండు కిలోమీటర్లు లోపలికి మార్చారు. 2018లో ప్రభుత్వం దీనికి మార్గదర్శకాలు కూడా తెచ్చింది. చదవండి, కానీ ఊళ్ళో ఆ మాట మీరు ఎత్తకండి. అక్కడ భూమి ఎక్కువ భాగం వంశాల ఉమ్మడిది, వనువా అంటే నేలా, మనుషులూ, పోయిన పెద్దలూ కలిపి ఒకటే మాట. వాళ్ళు ఎత్తినప్పుడు వినండి, చాలు.

కుర్రాళ్ళను తక్కువగా చూడకండి. 2019లో సౌత్ పసిఫిక్ విశ్వవిద్యాలయానికి వనువాటు దేశంలో ఉన్న క్యాంపస్‌లో 27 మంది లా విద్యార్థులు, వాతావరణ మార్పును అంతర్జాతీయ న్యాయస్థానం ముందుకు తీసుకెళ్దామని మొదలుపెట్టారు. 2023 మార్చిలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆ కోర్టు అభిప్రాయం కోరింది, 2025 జూలై 23న కోర్టు అభిప్రాయం చెప్పింది. మేము అదే కాలంలో యువత కోసం పోస్టర్ల పోటీలు పెడుతున్నాం, చెప్పుకుంటే సిగ్గు.

ఇక ఇల్లు, ప్రయాణాల సంగతి. ఇల్లు సువాలో దొరుకుతుంది, అద్దె ఎక్కువే. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపాన్ల కాలం, ఆ నెలల్లో దీవుల టూర్లు పెట్టుకోవద్దు. తువాలుకు విమానాలు వారంలో కొన్నే, ఒకటి తప్పితే అక్కడే కూర్చోవాలి, కాబట్టి తిరుగు ప్రయాణం రోజున సువాలో మీటింగు ఒప్పుకోకండి. ఆదివారం ఊళ్ళలో చర్చి తప్ప ఏ పనీ ఉండదు. ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు టోపీ, కళ్ళద్దాలు తీసేయాలి. మగవాళ్ళు కూడా నడుముకు సులు కట్టుకోవాలి. పంచె కట్టడం వచ్చినవాళ్ళకు అది ఐదు నిమిషాల పని. విప్పడానికి వీలైన చెప్పులు తీసుకెళ్ళండి, నేను లేసుల బూట్లతో వెళ్ళి ప్రతి గుమ్మం ముందూ అందరినీ ఆపేశాను. సువాలో వాన ఎప్పుడూ ఉంటుంది, గొడుగు ఇక్కడి నుంచే మంచిది కొనుక్కెళ్ళండి.