ఊరు మున్సిపాలిటీలో కలిసింది.. బండ్ల బాటకు గేటు పడింది

ప్రశ్న: మాది రంగారెడ్డి జిల్లాలో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దగ్గరి ఊరు. 2024లో పంచాయతీ పోయి మున్సిపాలిటీ అయింది. పొలాలకు పోయే బండ్ల బాటకు ఓ వెంచర్ వాళ్లు గేటు పెట్టారు. కుంట శిఖంలో, అంటే నీళ్లు నిలిచే భూమిలో, మట్టి పోస్తున్నారు. పైగా మా బర్రెల కొట్టం వాసనొస్తోందని కొత్తగా వచ్చిన విల్లాల వాళ్లు కమిషనర్‌కు ఫిర్యాదు చేశారు. మా ఊరు ఊరులాగే ఉండాలని కోర్టుకు పోవచ్చా?

జవాబు: ఆ మాట రాసి పిటిషన్ వేస్తే నిలవదు. ఊరు ఊరులాగే ఉండాలనే హక్కును మన చట్టాలేవీ ఇవ్వలేదు. ఆ ఏడాది ఔటర్ చుట్టుపక్కల 51 పంచాయతీలు మీలాగే మున్సిపాలిటీల్లో కలిశాయి. అయితే బాటకు, కుంటకు విడివిడిగా చట్టాలున్నాయి. కొట్లాట వాటి మీద పెట్టుకోండి.

ముందు బాట సంగతి. తహసీల్దార్ ఆఫీసులో గ్రామ నక్షా (ఊరి పటం) నకలు తీసుకోండి. బాట అందులో ఉంటే అది అందరిదీ. రెండు పక్కలా భూమి కొన్నంత మాత్రాన వెంచర్ వాళ్లది కాదు. పంచాయతీ పోయింది కాబట్టి అడ్డు తీయించాల్సిన బాధ్యత ఇప్పుడు మున్సిపల్ కమిషనర్‌ది. ఆయన కదలకపోతే పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆర్డీవోకు అర్జీ పెట్టొచ్చు. లేఅవుట్ మంజూరు ప్లాన్‌ను సమాచార హక్కు కింద అడగండి. బాటను ప్లాట్లలో కలిపేసుకున్న లేఅవుట్లు నేను కొన్ని చూశాను.

నక్షాలో లేకున్నా దారి మూసుకుపోలేదు. పక్కవాళ్ల భూమిలో దారిలాంటి వాడుక హక్కుల గురించి చెప్పే 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, ఎవరినీ అడగకుండా, అడ్డూ ఆపూ లేకుండా 20 ఏళ్లు హక్కుగా నడిచిన దారి మీద మీకు హక్కు వస్తుంది. ప్రభుత్వ భూమి అయితే 30 ఏళ్లు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. గేటు పడ్డ రెండేళ్లలోపు దావా వేయాలి. అడ్డుపెట్టిన సంగతి తెలిసి కూడా ఏడాది పాటు ఊరుకుంటే, మీరు ఒప్పుకున్నట్టే లెక్క. పెద్దమనుషుల్లో మాట్లాడుకుందామని పండగల మీద పండగలు గడిపేయకండి. ఈలోగా ఓ లాయర్ నోటీసైనా పంపండి.

కుంట విషయంలో మీ చేయి గట్టిది. శిఖం పట్టా ఉన్నా నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకోవడానికే, పూడ్చడానికి కాదు. చెరువులూ కుంటలూ ఊరి ఉమ్మడి ఆస్తి అని, ఆక్రమణలు తొలగించాలని సుప్రీంకోర్టు 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో, 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో చెప్పింది. 2012 నాటి 168 జీవో ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (నిండా నీళ్లున్నప్పటి హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటకు 9 మీటర్లు బఫర్‌గా ఖాళీ వదలాలి. ఫొటోలతో ఇరిగేషన్ శాఖకూ, చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రాకూ రాసి రసీదు తీసుకోండి.

ఇక బర్రెలు. ‘మేం ముందు నుంచీ ఉన్నాం, వాళ్లే తర్వాత వచ్చారు’ అన్న వాదన మీకు న్యాయంగా తోస్తుంది, నాకూ తోస్తుంది. కోర్టులు మాత్రం దాన్ని న్యూసెన్స్ కేసులో రక్షణగా ఒప్పుకోవు. ఫ్రాన్సులో మోరిస్ అనే కోడిపుంజు కూత మీద పొరుగువాళ్లు వేసిన కేసు 2019లో కొట్టేశారు. తర్వాత 2021లో పల్లె చప్పుళ్లకూ వాసనలకూ అక్కడ చట్టమే వచ్చింది. మనకు అలాంటిది లేదు. కాబట్టి పెంటకుప్పను ప్రహరీకి దూరం జరపండి, కడుగునీళ్లు వీధి కాలువలోకి పోకుండా చూడండి, నోటీసొస్తే గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వండి.

మీ పొలాలు హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్‌లో ఉన్నాయో సర్వే నంబర్‌తో చూసుకోండి. పక్కన వ్యవసాయ జోన్‌ను ఇళ్ల జోన్‌గా మార్చాలంటే ముందు పత్రికలో ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు అడుగుతారు. గడువు తక్కువ ఉంటుంది. ఎవరో ఒకరు రోజూ ఆ ప్రకటనలు చూడండి.

గేటు ఎప్పుడు పెట్టారో మీ ఉత్తరంలో రాయలేదు. బాట దావాకు పైన చెప్పిన గడువులు ఆ తేదీ మీదే ఆధారపడి ఉన్నాయి. అది తేల్చుకుని, నక్షా నకలుతో మీ దగ్గరి సివిల్ లాయర్‌ను ఈ వారమే కలవండి.