గూడబాతు కథ పంపిన తమ్ముడికి

కావలి

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. కాలేజీ జువాలజీ ల్యాబ్, అద్దాల బీరువాలో అసలు పక్షి తోలుతోనే చేసిన, పాడైపోయిన గూడబాతు (పెలికాన్) బొమ్మ, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ అటెండరు. వాతావరణం బాగా పట్టావు. కానీ 'మూడు రోజులు కూర్చుని దాన్ని బాగుచేశాడు' అని ఒక్క వాక్యంలో దాటేశావు. నాకు ఆ మూడు రోజులే కావాలి.

దుమ్ము నోటితో ఊదాడని రాశావు. పని తెలిసినవాడు ఊదడు. వెనకటి రోజుల్లో పురుగు పట్టకుండా తోలుకు ఆర్సెనిక్ కలిపిన సబ్బు పూసేవాళ్ళు. ఆ విషం దుమ్ములోనూ ఉండొచ్చు. మాస్కు కట్టుకుని, గ్లవుజులు తొడుక్కుని, మెత్తటి బ్రష్షుతో తల నుంచి తోక వైపు, ఈక వాలు చూసుకుంటూ దులుపుతాడు. బొమ్మ కింద సన్నటి పొడి, గోధుమరంగు పొట్టు కొత్తగా రాలుతుంటే పురుగు ఇంకా తింటోందన్నమాట. అప్పుడు పాలిథిన్ కవర్లో గట్టిగా చుట్టి మైనస్ 20 డిగ్రీల చలిలో ఒకటి రెండు వారాలు ఉంచాలి. మూడు రోజులు ఎలాగూ చాలవు.

నాలుగడుగులు దాటిన పక్షి పట్టే ఫ్రీజరు మన నెల్లూరులో ఎవరి దగ్గరుంటుంది? రొయ్యల వాళ్ళ దగ్గర. అటెండరు మేనల్లుడు అక్కడే పనిచేస్తున్నాడనుకో. విషం పూసిన పక్షిని జనం తినే సరుకు పక్కన పెట్టమని ఈయన అడగగలడా? అడక్కపోతే బొమ్మ పోతుంది. నీ కథ అక్కడుంది నాయనా, నువ్వు దాని పక్కనుంచే వెళ్ళిపోయావు.

డిగ్రీ చదివేటప్పుడు నేనూ ఒక లకుముకి పిట్టకు రాలిన రెక్క ఈక అతికించాను. ఎగిరే ఈకకు ఒక పక్క సన్నగా, ఒక పక్క వెడల్పుగా ఉంటుంది. సన్నపక్క బయటికి రావాలి. అది తెలియక ఎడమ రెక్క ఈకను కుడి రెక్కకు పెట్టాను, అదీ ఊడిరాని జిగురుతో. సరిచేద్దామని లాగితే తోలు చిరిగింది. ఇప్పటికీ బాధే. మీ అటెండరు మాత్రం రేపు ఇంకొకరు విప్పుకోగలిగే జిగురే వాడాలి.

రంగు దగ్గర ఇంకా పెద్ద పొరపాటు చేశావు. ఎండిన ముక్కుకు, కాళ్ళకు రంగు పోతుంది కాబట్టి వేయాల్సిందే, కాదనను. కానీ ముక్కు కింద వేలాడే సంచికి ఎర్ర ఎనామిల్ పూయించావు. మన గూడబాతు పై ముక్కు అంచున నల్లటి చుక్కలు వరసగా ఉంటాయి. సంచి కూడా మచ్చలమచ్చలుగా, మాసిన ఊదారంగులో ఉంటుంది. నువ్వు ఆ పక్షిని బతికుండగా చూడలేదు. అటెండరు చూసి ఉంటాడు, అదీ తేడా.

బొమ్మను సంతలో కొన్నారన్న పేరా తీసెయ్. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అలా కొనడం, అమ్మడం కుదరదు. చివర్లో పక్షి రెక్క కదిలినట్టు అనిపించడం కూడా వద్దు.

డిసెంబరులో నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్ళు. 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్ళిందిగానీ, నాకు ఇంకా నెల్లూరే. సూళ్ళూరుపేట దారిలో, దొరవారిసత్రం దగ్గర. చెరువులో నీటి కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు పెట్టి ఉంటాయి. పిల్ల తల్లి సంచిలోకి తల దూర్చి తినేటప్పుడు ఆ సంచి ఎలా సాగుతుందో చూసి రాసుకో. బైనాక్యులర్స్ నా దగ్గరున్నాయి, పోయేముందు వచ్చి తీసుకుపో.

మీ అన్న